ఎన్‌పీఎన్ ఆగుతోంది, పీఎన్‌పీ ఆగడం లేదు: ఆటోలో ఎల్‌ఈడీ స్ట్రిప్ కష్టాలు

గాజులరేగ_గుంటడు
మా మావయ్య ఆటోలో వెనక సీటు పైన ఎల్‌ఈడీ స్ట్రిప్ పెడుతున్నాను. చీకటి పడితే దానంతట అదే వెలగాలి, తెల్లారితే ఆగాలి. సామాను: ఎల్‌డీఆర్ (వెలుతురు కొలిచేది), ఆర్డ్యునో నానో (కోడ్ రాసి నడిపే చిన్న బోర్డు), 12 వోల్టుల స్ట్రిప్ ఒక మీటరు. ముందు ఇంట్లో బల్ల మీద స్విచ్‌గా బీసీ547 (ఎన్‌పీఎన్ రకం ట్రాన్సిస్టర్) పెట్టి చూశాను. చక్కగా వెలిగింది, ఆగింది. కానీ ఆటోలో స్ట్రిప్ నెగటివ్ వైరుని బాడీకే బిగించేశారు. అలాంటప్పుడు ప్లస్ వైపు స్విచ్ చెయ్యాలి, దానికి రెండో రకం ట్రాన్సిస్టర్, పీఎన్‌పీ వాడాలి అని చదివి బీసీ557 తెచ్చాను. దాని మూడు కాళ్లలో ఎమిటర్ 12 వోల్టులకి, కలెక్టర్ నుంచి లోడ్‌కి (వెలగాల్సిన దీపానికి), ఆన్, ఆఫ్ చేసే బేస్ నుంచి 1కే (వెయ్యి ఓముల) రెసిస్టర్ మీదుగా నానో పిన్‌కి. కోడ్‌లో పిన్‌ని 'లో' (0 వోల్టులు) చేస్తే వెలుగుతోంది. హై చేసినా వెలుగుతోంది! ట్రాన్సిస్టర్ మార్చినా అదే కథ. పుస్తకంలో మాత్రం ఎన్‌పీఎన్‌కి హై ఇస్తే ఆన్, పీఎన్‌పీకి లో ఇస్తే ఆన్, అంతే తేడా అని ఉంది. అంతే తేడా అయితే ఇది ఎందుకు ఆగదు? ప్రస్తుతానికి టెస్టుకి రెసిస్టర్‌తో చిన్న ఎల్‌ఈడీ ఒక్కటే పెట్టాను, స్ట్రిప్ ఇంకా కలపలేదు.

పలాస_జీడిపిక్క
షాపువాడు 557 అని చెప్పి 547 ఇచ్చి ఉంటాడు. మా ఊళ్లో మామూలే.

గాజులరేగ_గుంటడు
రాత భూతద్దంలో చూశాను. బీసీ557బీ అనే ఉంది.

టెక్కలి_సర్క్యూట్
నానో పిన్ హై అంటే ఎన్ని వోల్టులు?

గాజులరేగ_గుంటడు
5.

టెక్కలి_సర్క్యూట్
ఎమిటర్ దగ్గర?

గాజులరేగ_గుంటడు
12. ఇందాకే చెప్పాను కదా అన్నా.

టెక్కలి_సర్క్యూట్
జబ్బు అక్కడే ఉంది. పీఎన్‌పీ గ్రౌండ్ (మైనస్, 0 వోల్టులు) వైపు చూడదు, తన ఎమిటర్ వైపు చూస్తుంది. బేస్ ఎమిటర్ కంటే సుమారు 0.7 వోల్టు కిందికి దిగితే ఆన్. ఎమిటర్‌లో 12 ఉంది కాబట్టి బేస్ 11.3 దగ్గరే అది తెరుచుకుంటుంది. నువ్వు హై అని ఇచ్చిన 5 వోల్టులు నానోకి హై గానీ ఆ ట్రాన్సిస్టర్‌కి చాలా కింద. లెక్క వెయ్యి: 12 లోంచి 0.7 తీసెయ్, 5 తీసెయ్, 6.3 మిగులుతుంది. 1కే మీద 6.3 వోల్టులంటే 6.3 మిల్లీ ఆంపియర్ల బేస్ కరెంటు. పిన్ లో చేస్తే 11.3 మిల్లీ ఆంపియర్లు. చిన్న ఎల్‌ఈడీకి రెండూ ఎక్కువే. నువ్వు చేస్తున్నది ఆన్, ఇంకొంచెం ఆన్. అంతే.

ఎన్‌పీఎన్‌కి ఈ బాధ ఎందుకు రాలేదంటే దాని ఎమిటర్ గ్రౌండ్‌లో ఉంది, నానో గ్రౌండ్ కూడా అదే. 0 వోల్టులు ఇస్తే బేస్, ఎమిటర్ ఒకే మట్టంలో ఉంటాయి, ఆఫ్.

నాగావళి_ఒడ్డు
అన్నా మరి పిన్‌ని అవుట్‌పుట్ హై కాకుండా ఇన్‌పుట్ మోడ్‌లో పెట్టేస్తే? గాల్లో వదిలేసినట్టే కదా, కరెంటు ఎక్కడికి పోతుంది?

టెక్కలి_సర్క్యూట్
మంచి ప్రశ్న. పోవడానికి దారి ఉంది. ఆ చిప్‌లో ప్రతి పిన్ నుంచి 5 వోల్టుల లైనుకి ఒక రక్షణ డయోడ్ ఉంటుంది. పిన్ 5 దాటి అర వోల్టు పైకెళ్తే అది తెరుచుకుంటుంది. కాబట్టి బేస్ కరెంటు ఆ డయోడ్‌లోంచి దూరి 5 వోల్టుల లైనులోకి పోతుంది. ట్రాన్సిస్టర్ ఆగదు సరికదా, పిన్‌లోకి అలా తొయ్యడం చిప్‌కి మంచిది కాదు.

గాజులరేగ_గుంటడు
అందుకేనా! యూఎస్‌బీ కేబుల్ పీకేసినా నానో మీద పవర్ దీపం మసగ్గా వెలుగుతూనే ఉంది. దెయ్యం పట్టిందనుకున్నాను.

పలాస_జీడిపిక్క
557బీలో ఆ బీ భూతమే.

టెక్కలి_సర్క్యూట్
ముందు ఆ 12 తీసెయ్ బాబూ. తర్వాత చదువుకుందాం.

వంశధార_కాలువ
నేను పిల్లలకి చెప్పేది ఇలా: గొట్టా బ్యారేజీ దగ్గర షట్టర్ కొద్దిగా ఎత్తితే కాలువ నిండా నీరు పారుతుంది. ఎత్తడానికి చిన్న బలం, పారేది పెద్ద నీరు. బేస్ ఆ షట్టర్ చక్రం, కలెక్టర్‌కీ ఎమిటర్‌కీ మధ్య పారేది కాలువ. ఎన్‌పీఎన్ అయినా పీఎన్‌పీ అయినా ఇంతే, పేరే వేరు.

ల్యాబ్_మేడమ్
వంశధార గారూ, ఆ పోలిక గెయిన్ (చిన్న బేస్ కరెంటుతో ఎన్ని రెట్ల కరెంటు పారుతుందన్నది) వరకు పనికొస్తుంది. ఈ అబ్బాయి ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి అదే దారి తప్పిస్తుంది. షట్టర్ చక్రం తిప్పేవాడు ఏ గట్టు మీద నుంచున్నాడన్నదే ఇక్కడ అసలు సంగతి, దాన్ని మీ పోలిక చెప్పదు.

పాలిటెక్నిక్‌లో ఏటా చూస్తుంటాను. ఎన్‌పీఎన్ ఆన్ కావడానికి బేస్‌లోకి కరెంటు రావాలి, పీఎన్‌పీ ఆన్ కావడానికి బేస్‌లోంచి కరెంటు బయటికి పోవాలి. ఈ మాట విద్యార్థులు అప్పజెప్పేస్తారు. కానీ సర్క్యూట్ గీసేటప్పుడు పీఎన్‌పీ ఎమిటర్‌ని కిందికి, గ్రౌండ్ వైపుకి గీస్తారు. గుర్తులో బాణం ఎప్పుడూ ఎమిటర్ మీదే ఉంటుంది, మామూలు కరెంటు దిశనే చూపిస్తుంది. ఎన్‌పీఎన్‌లో బయటికి, పీఎన్‌పీలో లోపలికి. మామూలు స్విచ్ సర్క్యూట్లో ఆ బాణం ప్లస్ నుంచి మైనస్ వైపే చూడాలి. కాబట్టి పీఎన్‌పీ ఎమిటర్ పైన ప్లస్ వైపు, ఎన్‌పీఎన్ ఎమిటర్ కింద గ్రౌండ్ వైపు. గుంటడు దాన్ని సరిగ్గానే పెట్టాడు, సంతోషం. లోటు ఉన్నది బేస్‌ని 12 దాకా ఎత్తగలిగే చెయ్యి లేకపోవడం దగ్గర.

వంశధార_కాలువ
మేడమ్ గారూ ఒప్పుకోను. గట్టు సంగతి కూడా పోలికలో చెప్పొచ్చు. కానీ ఇక్కడ రాస్తే పోస్టు నిండిపోతుంది.

నాగావళి_ఒడ్డు
ఇంత గొడవ ఎందుకు, తనకి అలవాటైన బీసీ547 నే పైన పెట్టేస్తే? కలెక్టర్ 12కి, ఎమిటర్ నుంచి స్ట్రిప్. నానో హై ఇస్తే ఆన్, లో ఇస్తే ఆఫ్.

టెక్కలి_సర్క్యూట్
ఆఫ్ బాగానే అవుతుంది. ఆన్ కాదు. ఎమిటర్ ఎప్పుడూ బేస్ కంటే 0.7 కిందే ఉంటుంది. బేస్‌కి 5 ఇస్తే స్ట్రిప్‌కి అందేది 4.3 వోల్టులు. స్ట్రిప్‌లో మూడేసి ఎల్‌ఈడీలు వరసలో ఉంటాయి, వాటికే తొమ్మిది దాకా కావాలి. మిణుగురు పురుగంత కూడా వెలగదు.

కోట_జంక్షన్_క్యూరియస్
మాస్‌ఫెట్ (ఇంకో రకం ట్రాన్సిస్టర్) పెట్టండి. ఐఆర్‌ఎఫ్9540. 2024 దాటిపోయాక ఇంకా ఈ ఎన్‌పీఎన్, పీఎన్‌పీ బైపోలార్‌లు ఏంటండీ.

ల్యాబ్_మేడమ్
పీ-చానెల్ మాస్‌ఫెట్ పెట్టినా సోర్స్ (దాని ఎమిటర్ లాంటి కాలు) 12లో ఉంటుంది, గేట్‌కి (బేస్ లాంటి కాలికి) 5 ఇస్తే అదీ ఆగదు. రోగం అదే, మందు అదే. అబ్బాయి రెండు రకాల ట్రాన్సిస్టర్లు నేర్చుకుంటానంటే మూడోది ఎందుకు తెస్తారు?

కోట_జంక్షన్_క్యూరియస్
వేడెక్కదు కదా అని.

టెక్కలి_సర్క్యూట్
మందు ఇదిగో. రెండు రకాలూ కలిపి వాడాలి. నానో పిన్ నుంచి 1కే, బీసీ547 బేస్‌కి. దాని ఎమిటర్ గ్రౌండ్‌కి. దాని కలెక్టర్ నుంచి ఒక రెసిస్టర్, పైనున్న పీఎన్‌పీ బేస్‌కి. పీఎన్‌పీ బేస్‌కీ ఎమిటర్‌కీ మధ్య 10కే. నానో హై ఇస్తే కిందోడు ఆన్ అయ్యి పైవాడి బేస్‌ని కిందికి గుంజుతాడు, స్ట్రిప్ వెలుగుతుంది. లో ఇస్తే కిందోడు వదిలేస్తాడు, 10కే పైవాడి బేస్‌ని 12కి చేర్చేస్తుంది, ఆగుతుంది. 12 వోల్టులు నానో దగ్గరికి రానే రావు. పైగా హై అంటే ఆన్, కోడ్‌లో తలకిందులు రాసుకోనక్కర్లేదు.

నానో బూట్ అయ్యేటప్పుడు పిన్ గాల్లో ఉంటుంది, అప్పుడు స్ట్రిప్ మినుక్కుమనకుండా 547 బేస్ నుంచి గ్రౌండ్‌కి ఇంకో 10కే.

పైన మాత్రం బీసీ557 వద్దు. అది 100 మిల్లీ ఆంపియర్ల మనిషి. నీ స్ట్రిప్ ఏది? 3528 చిప్పులు మీటరుకి 60 అయితే సుమారు 0.4 ఆంపియరు. 5050 చిప్పులు 60 అయితే 1.2 ఆంపియర్ల దాకా.

గాజులరేగ_గుంటడు
చిన్న చిప్పులే అన్నా, 3528. మరి పైన ఏది పెట్టాలి? ఇక్కడ షాపులో టిప్127 ఉంది, టిప్32 ఉంది. బీడీ140 అడిగితే వైజాగ్ వెళ్లమన్నారు.

టెక్కలి_సర్క్యూట్
టిప్32. 127 డార్లింగ్టన్, లోపల రెండు ట్రాన్సిస్టర్లు ఒకదాని వెనక ఒకటి. బేస్ కరెంటు రవ్వంత చాలు, అది దాని సుఖం. కానీ పూర్తిగా ఆన్ అయినా దాని మీద ఒక వోల్టు దాకా నిలబడిపోతుంది. స్ట్రిప్‌కి 11 అందుతాయి, కొంచెం డల్లుగా ఉంటుంది. టిప్32 మీద ఈ కరెంటుకి చాలా తక్కువ నిలుస్తుంది.

అయితే దానికి బేస్ కరెంటు దండిగా ఇవ్వాలి. స్విచ్‌లా వాడేటప్పుడు డేటాషీట్‌లో గెయిన్ ఎంత ఉన్నా నమ్మకు, లోడ్ కరెంటులో పదో వంతు బేస్‌కి లెక్క వేసుకో. 0.4 ఆంపియర్లకి 40 మిల్లీ ఆంపియర్లు. 11 వోల్టుల్ని 40 మిల్లీతో భాగిస్తే 275 ఓములు, కాబట్టి 270 పెట్టు. ఇది పావు వాట్‌ది కాకూడదు, ఒక వాట్‌ది తీసుకో. బీసీ547 కి 40 మిల్లీ దాని హద్దు లోపలే. నానో నుంచి దానికి 1కే మీదుగా 4.3 మిల్లీ వస్తుంది, అదీ పదో వంతే. లెక్క చక్కగా సరిపోయింది.

గరివిడి_ఫిట్టర్
ఈ ఎన్‌పీఎన్, పీఎన్‌పీ గొడవ మాకు ఫ్యాక్టరీలో వేరేలాగ వస్తుంది. ప్రాక్సిమిటీ సెన్సర్లు, అంటే ఇనుము దగ్గరికొస్తే కనిపెట్టేవి. గోధుమ వైరు 24 వోల్టులు, నీలం సున్నా, నల్లది అవుట్‌పుట్. ఒకసారి కన్వేయర్ దగ్గర సెన్సర్ పోయింది. స్టోర్ నుంచి అచ్చం అలాంటిదే ఇచ్చారు, అదే సైజు, అదే మర. బిగించాం. ఇనుము దగ్గర పెడితే సెన్సర్ మీద దీపం వెలుగుతోంది, పీఎల్‌సీ (మెషీన్‌ని నడిపే కంప్యూటర్) మాత్రం చూడనట్టే ఉంది. వైర్లు మార్చి చూశాం, పీఎల్‌సీ కార్డు పోయిందని ఒకాయన తీర్మానం చేసేశాడు. తీరా చూస్తే కొత్తది ఎన్‌పీఎన్, పాతది పీఎన్‌పీ.

పీఎన్‌పీ సెన్సర్ నల్ల వైరు మీద 24 బయటికి ఇస్తుంది. ఎన్‌పీఎన్ సెన్సర్ ఆ వైరుని సున్నాకి లాగుతుంది. మా కార్డు కామన్ సున్నాకి కట్టి ఉంది, దానికి 24 వస్తేనే తెలుస్తుంది. సున్నాకి సున్నా లాగితే ఏం తెలుస్తుంది?

ల్యాబ్_మేడమ్
ఇది నా క్లాసులో చెప్పుకుంటానండీ. సెన్సర్ లోపల చివర ఉన్న ట్రాన్సిస్టర్ ఏ రకమో దాన్ని బట్టే ఆ పేరు. గుంటడి ఆటోలో జరుగుతున్నదీ ఇదే: లోడ్ ఒక చివర బాడీకి కట్టేసి ఉంది కాబట్టి ప్లస్ పంపేవాడు కావాలి, అంటే పీఎన్‌పీ.

గరివిడి_ఫిట్టర్
జపాన్ మెషీన్లయితే ఎక్కువగా ఎన్‌పీఎన్, యూరప్ మెషీన్లయితే పీఎన్‌పీ. రెండూ ఒకే షెడ్డులో ఉంటే స్టోర్ కీపర్‌కి దండం పెట్టాలి.

బొబ్బిలి_రేడియో
మీరంతా పీఎన్‌పీని చుట్టపుచూపుగా వచ్చినదానిలా మాట్లాడుతున్నారు గానీ, నేను రేడియో పని నేర్చుకున్న రోజుల్లో చేతికి వచ్చినవన్నీ పీఎన్‌పీలే. ఓసీ71, ఓసీ72, తర్వాత ఏసీ128. అన్నీ జెర్మేనియం. బ్యాటరీ ప్లస్సే గ్రౌండ్‌కి కట్టేవారు. ఎన్‌పీఎన్ అంటే ఏసీ127, ఏసీ128 పక్కన జోడీగా కనబడేది. బీసీ148 లాంటి సిలికాన్‌వి దిగాక గ్రౌండ్ మైనస్‌కి వచ్చేసింది.

టెస్టు కూడా చెప్తా గుంటడూ. మీటరు ఓమ్స్‌లో పెట్టి నల్ల ముల్లు బేస్ మీద పెట్టు, ఎర్రది మిగతా రెంటి మీదా పెట్టు. రెండు చోట్లా మీటరు సూది కదిలితే అది ఎన్‌పీఎన్.

నాగావళి_ఒడ్డు
తప్పు మాస్టారూ. ఎర్రది బేస్ మీద ఉంటే ఎన్‌పీఎన్. ఇప్పుడే నా మీటర్లో బీసీ547 పెట్టి చూశాను.

బొబ్బిలి_రేడియో
నలభై ఏళ్ల చేతిపని బాబూ ఇది. ఎర్రది పెడితే పీఎన్‌పీ.

నాగావళి_ఒడ్డు
ఫోటో పెట్టమంటారా?

ల్యాబ్_మేడమ్
ఇద్దరిదీ సరైనదే, మీటర్లే వేరు. డిజిటల్ మీటర్లో ఎర్ర ముల్లే ప్లస్. సూది కదిలే పాత మీటర్లో, చాలా మోడళ్లలో, ఓమ్స్‌లో పెట్టినప్పుడు లోపలి సెల్ ప్లస్ నల్ల ముల్లుకి వస్తుంది. అందుకే మాస్టారికి తలకిందులుగా కనబడుతుంది. గుంటడిది డిజిటల్ అయితే డయోడ్ గుర్తు మీద పెట్టి, ఎర్రది బేస్ మీద, నల్లది మిగతా రెంటి మీద పెడితే రెండు చోట్లా 0.6 నుంచి 0.7 చూపిస్తే ఎన్‌పీఎన్. నల్లది బేస్ మీద ఉన్నప్పుడు చూపిస్తే పీఎన్‌పీ. రెండు అంకెల్లో రవ్వంత ఎక్కువ చూపించే కాలు సాధారణంగా ఎమిటర్. మాస్టారి జెర్మేనియం వాటికైతే 0.2, 0.3 దగ్గర ఉంటుంది.

బొబ్బిలి_రేడియో
సరే. నా మీటరు నాదే, మార్చను.

కోట_జంక్షన్_క్యూరియస్
మరి అప్పట్లో పీఎన్‌పీ, ఇప్పుడు ఎన్‌పీఎన్ ఎందుకు? ఫ్యాషనా?

ల్యాబ్_మేడమ్
తయారీని బట్టి. 1947 డిసెంబరులో బెల్ ల్యాబ్స్‌లో బార్డీన్, బ్రాటెయిన్ చేసిన మొదటి ట్రాన్సిస్టర్ జెర్మేనియందే, కానీ అది పాయింట్ కాంటాక్ట్ రకం. మనం వాడే జంక్షన్ రకానికి ఆలోచన షాక్లీది. ముగ్గురికీ 1956లో నోబెల్ వచ్చింది. తర్వాత మార్కెట్లోకి వచ్చిన జెర్మేనియం ట్రాన్సిస్టర్లు ఎక్కువగా ఎన్-రకం జెర్మేనియం రేకుకి రెండు పక్కలా ఇండియం గుళికలు కరిగించి చేసినవి. ఇండియం దిగిన చోటల్లా పీ-రకం అవుతుంది. ఇటు పీ, అటు పీ, నడుమ ఎన్. పీఎన్‌పీ సులువుగా వచ్చేది.

సిలికాన్‌కి మారాక ఈ సౌలభ్యం పోయింది. ఎన్‌పీఎన్‌లో పని ఎలక్ట్రాన్లది, పీఎన్‌పీలో హోల్స్‌ది (ఎలక్ట్రాన్ లేని ఖాళీలది). సిలికాన్‌లో ఎలక్ట్రాన్లు హోల్స్ కంటే సుమారు మూడు రెట్లు చురుగ్గా కదులుతాయి. వేగం కావాలంటే ఎన్‌పీఎన్ వైపే మొగ్గు.

బొబ్బిలి_రేడియో
మైకుసెట్ల దగ్గర అది బాగా తెలిసేది. పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి అద్దెకు వెళ్లే యాంప్లిఫయర్లు విప్పితే రెండు వైపులా 2ఎన్3055లే ఉండేవి. రెండూ ఎన్‌పీఎన్. న్యాయంగా ఒక పక్క ఎన్‌పీఎన్, ఒక పక్క పీఎన్‌పీ ఉండాలి, ఒకటి అల పైభాగం, ఒకటి కిందిభాగం తోస్తాయి. దాని జోడీ ఎమ్‌జే2955 ఖరీదు ఎక్కువ, దొరికేది కాదు. అందుకని చిన్న డ్రైవర్లు మాత్రం జోడీగా పెట్టి, పెద్దవి రెండూ ఒకే రకం వేసేవారు.

పలాస_జీడిపిక్క
నాకు తిత్లీ తుఫాను గుర్తొచ్చింది. 2018 అక్టోబరులో మా పక్క రోజుల తరబడి కరెంటు లేదు. ఎమర్జెన్సీ లైటు రిపేరు చేయించుకుంటే ఆయన పీఎన్‌పీ లేదని ఎన్‌పీఎన్ వేసి ఇచ్చాడు. కరెంటు వచ్చాక కూడా అది వెలగలేదు. ఇప్పుడు అర్థమైంది.

గరివిడి_ఫిట్టర్
చీకట్లో వెలగని ఎమర్జెన్సీ లైటు, వెలుతురులో ఆగని గుంటడి ఎల్‌ఈడీ. ఇద్దరూ మార్చుకోండి.

గాజులరేగ_గుంటడు
కట్టేశాను. టెక్కలి అన్న చెప్పినట్టే, కింద 547, పైన టిప్32, 270 ఓములు ఒక వాట్. బల్ల మీద వెలుగుతోంది, ఆగుతోంది. స్ట్రిప్‌కి 11.8 వస్తోంది. రేపు ఆటోలో బిగిస్తున్నాను. టిప్32 కి రంధ్రం ఉంది కదా, ఆటో రేకుకే స్క్రూతో బిగించేస్తే హీట్‌సింక్ ఖర్చు కూడా లేదు.

టెక్కలి_సర్క్యూట్
ఆగు ఆగు ఆగు. ఆ లోహపు రేకు కలెక్టర్. నీ కలెక్టరే స్ట్రిప్ ప్లస్. ఆటో బాడీ మైనస్. బిగించి ఆన్ చేసిన క్షణం 12 వోల్టులకీ బాడీకీ మధ్య ఆ ట్రాన్సిస్టర్ ఒక్కటే మిగులుతుంది, అదీ ఎక్కువసేపు మిగలదు. మైకా వాషర్, ప్లాస్టిక్ బుష్ పెట్టు. లేకపోతే అసలు రేకుకి బిగించకు, ఈ కరెంటుకి దానికి హీట్‌సింక్ అక్కర్లేదు. ప్లస్ వైరులో బ్యాటరీ దగ్గరే ఒక ఆంపియరు ఫ్యూజు తప్పకుండా వెయ్యి.

బొబ్బిలి_రేడియో
ఇదే పని ఎన్‌పీఎన్‌తో కింద పెట్టి చేసినా కలెక్టర్ బాడీకి తగలకూడదు. తగిలితే ట్రాన్సిస్టర్ పోదు, లైటు ఆరదు, అంతే.

ల్యాబ్_మేడమ్
కాళ్ల వరస కూడా చూసుకో. టిప్32 రాత నీ వైపు ఉంటే ఎడమ నుంచి బేస్, కలెక్టర్, ఎమిటర్. బీసీ547 చదును ముఖం నీ వైపు, కాళ్లు కిందికి ఉంటే కలెక్టర్, బేస్, ఎమిటర్. అదే ఆకారంలో ఉండే 2ఎన్3904 కి ఎమిటర్, బేస్, కలెక్టర్. ఆకారం చూసి గుచ్చేవాళ్లని ప్రతి బ్యాచ్‌లో చూస్తాను.

నాగావళి_ఒడ్డు
ఇంజిన్ నడుస్తుంటే ఆటోలో 12 ఉండదు కదా, 14 పైన ఉంటుంది. 270 తట్టుకుంటుందా?

టెక్కలి_సర్క్యూట్
14.4 అనుకో. దాని మీద 13.4 దాకా పడుతుంది, 50 మిల్లీ ఆంపియర్లు, 0.67 వాట్. ఒక వాట్‌ది అందుకే చెప్పాను. వేడి చేతికి బాగా తెలుస్తుంది, సీటు రెక్సిన్‌కి ఆనించకూడదు. నానోకి మాత్రం నేరుగా ఆ వోల్టేజి ఇవ్వకు, 5 వోల్టుల బక్ కన్వర్టర్ (వోల్టేజి తగ్గించేది) పెట్టు.

గాజులరేగ_గుంటడు
బిగించాను, ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, రేకుకి తగలకుండా. మావయ్య రాత్రంతా తిరిగాడు, బాగానే ఉంది. ఒక్కటే: పగలు రైల్వే వంతెన కిందికి వెళ్తే లైటు ఠక్కున వెలిగి, బయటికి రాగానే ఆరిపోతోంది. ప్యాసింజర్లు నవ్వుతున్నారట. పీఎన్‌పీ మరీ తొందరగా ఆన్ అవుతోందా?

టెక్కలి_సర్క్యూట్
పాపం పీఎన్‌పీని ఇంక వదిలెయ్. చీకటి అర నిమిషం నిలబడితేనే ఆన్ చెయ్యమని కోడ్‌లో రాయి. కోడ్ పెట్టి కొత్త టాపిక్ తెరువు, అక్కడ చూద్దాం.

పలాస_జీడిపిక్క
నవ్వే ప్యాసింజర్లు దిగేటప్పుడు బేరం ఆడరు. అలాగే ఉంచమను.